కోన్ల నడుమ ఉలవలు

మునిరత్నం నిద్రపోతూ వ్యాను తోలి చచ్చాడని పోలీసు కాగితంలో ఉంది. కింద సాక్షి సంతకం నాదే. ఆ మాట అబద్ధం. అబద్ధాలు నాకు కొత్త కాదు గానీ, ఇది నేను నవ్వించడానికి చెప్పింది కాదు.

రెండువేల ఒకటి, పుష్యమాసం. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డులో మా ఊరి దగ్గర రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ కొత్తగా కట్టాలని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నన్ను కాపలాకు పెట్టి, ఎనిమిది ఎర్ర కోన్లు, మినుకుమినుకుమనే పసుపు లైటు ఒకటి అప్పగించాడు.

"గుంతకు ఆ పక్క నాలుగు, ఈ పక్క నాలుగు, మొదట్లో లైటు. అది సూస్తే ఎవుడైనా తప్పుకోని పోతాడు" అన్నాడు.

మోరీలో వేసే సిమెంటు తూములు రావడానికి వారం పట్టింది. అంతదాకా గుంతా లేదు, కోన్లకు పనీ లేదు.

అప్పుడే మా ఊరి గోవిందప్ప ఉలవ పీకాడు. మా పక్క ఉలవకట్టెను రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. మా ఊరి గింజ ఎంత గట్టిదంటే, ఒకసారి రోడ్డురోలరు ఎక్కితే రోలరుకే సొట్టలు పడ్డాయి. నమ్మకపోతే మీ ఇష్టం. కానీ ఆ ఏడు డ్రైవర్లు కట్టెను చూసి పక్కకు తిప్పుకుని పోతున్నారు.

"ఇరుసుకు సుట్టుకుంటాదంట" గోవిందప్ప మొహం వేలాడేసుకున్నాడు. "నీ ఎర్ర టోపీలు ఊరికే నిద్రపోతాండాయి గదా సుబ్బయ్యా, ఇయ్యరాదా?"

"ఇస్తాలేప్పా. ఒకటి నీ నెత్తిన పెట్టుకో, దిష్టి కూడా పోతాది" అన్నాను.

ఉలవకు అటు నాలుగు, ఇటు నాలుగు పెట్టి, మొదట్లో లైటు వెలిగించాం. సర్కారు వస్తువు చూడగానే ప్రతి బండీ కోన్ల నడుమ బుద్ధిగా నడిచింది. ఒక ఆఫీసరు జీపు కూడా తొక్కి పోయింది, దిగి దండం పెట్టడమొకటే తక్కువ. సదుం నుంచి టమోటాలు తోలే మునిరత్నం రోజూ తెల్లవారుతూనే వచ్చి, రెండు హారన్లు కొట్టి, "తొక్కతాండా మామా! ఉలవచారు కాస్తే నాకూ పెట్టండి!" అని అరిచేవాడు.

ఆరు రోజులు అట్లా గడిచాయి.

ఏడో రోజు తూములు వచ్చాయి. గోవిందప్ప గింజ ఎత్తుకుపోయాడు. కూలీలు ఆ పక్కనే సగం రోడ్డు కోసి నిలువెత్తు గుంత తవ్వారు. కాంట్రాక్టరు చెప్పినట్టే పెట్టాను. అటు నాలుగు, ఇటు నాలుగు, మొదట్లో లైటు. ఒక్క కోను వంకర లేదు.

మర్నాడు పొద్దున మంచు కమ్మేసింది. గుంత పక్కన చలి కాచుకుంటున్నాను. రెండు హారన్లు వినబడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు. లేచి పరుగెత్తాను.

"గుంత! గుంతప్పా!"

"తొక్కతాండా మామా!"

కోన్ల నడుమకే వచ్చాడు.

వ్యాను మూతి గుంతలో పడగానే టమోటా బుట్టలన్నీ ముందుకు దొర్లి వాడి మీద పడ్డాయి. స్టీరింగు రొమ్ములో దిగబడింది. నన్ను చూసి, "ఉలవలు యాడ మామా?" అన్నాడు. కోపంగా కూడా కాదు. మళ్ళీ మాట్లాడలేదు.

ఎస్సై కోన్లు లెక్కపెట్టాడు. "ఇన్ని పెట్టినా సూడలేదంటే నిద్రపోయినట్టే గదా. ఈడ సంతకం పెట్టు." పెట్టాను.

కర్మాంతరాలు అయినాక వాడి భార్య రత్నమ్మ వచ్చింది.

"పన్నెండేండ్లు బండి తోలినాడు నాయనా, ఒక్కనాడు కునికింది లేదు. ఊరంతా నిద్రపోతు అంటాండారు. ఏం జరిగిందో సెప్పు."

చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఇదే మాట స్టేషన్లో సెప్పు, లే" అంది.

ఎస్సై నవ్వాడు. "నీ కతలు నేనూ ఇన్నాలే పెద్దాయనా." గోవిందప్పను పిలిపిస్తే, "ఉలవలు పరిస్తి సార్, కోన్లు నాకు తెల్దు" అని నేల చూశాడు.

రత్నమ్మ నన్ను మదనపల్లె టమోటా మార్కెట్టుకు లాక్కుపోయింది. కోన్ల నడుమ తొక్కిన డ్రైవర్లందరూ అక్కడే ఉన్నారు. మొదట మునస్వామి అనే డ్రైవరును అడిగింది.

"తొక్కితిమమ్మా, అందరమూ తొక్కితిమి. ఆ పొద్దు టైరు పంచరు కాకపోతే ముందు నేనే పడుందును."

"ఆ మాట స్టేషన్లో సెప్పప్పా."

మునస్వామి వ్యాను వెనక తలుపు గొళ్ళెం తీశాడు. "లోడు దించాలమ్మా" అన్నాడు.

ఆమె పక్క వ్యాను దగ్గరికి నడిచింది.