కోదండం మీసం తీసిన కత్తెర

నేను ఒక కత్తెరను. ఒకప్పుడు లారీ కింద కమానుబద్దగా ఊళ్లు తిరిగిన ఇనుమును కొలిమిలో కాల్చి, సుత్తితో బాది, రెండు రెక్కలు చేసి మధ్యలో మర బిగించారు. ఆ దెబ్బల వల్లనేమో, నాకు పగబట్టే గుణం అబ్బింది. ఎవరేం చేసినా మరిచిపోను.

నన్ను కొన్నవాడు బాపట్ల సాంబు. అక్క హైమవతి పెళ్లికి కుట్టుమిషనుతో పాటు నన్నూ ఇచ్చి రేపల్లె పంపాడు. హైమ నన్ను కళ్లకద్దుకుని వాడేది. గుడ్డ తప్ప కాగితం ముక్క కూడా నాచేత కోయించేది కాదు. ఆమె మొగుడు కోదండం అలాంటివాడు కాదు. నాతో కొబ్బరితాడు కోశాడు, కరెంటు తీగ కోశాడు, చివరికి సైకిలు టైరు కూడా కోశాడు. ఆ రోజుతో నా మర వదులై రెక్కలు ఎడమయ్యాయి. మెత్తటి గుడ్డ ఏది పెట్టినా తెగకుండా మడత పడేది. హైమ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. కోదండం, నీ సంగతి చూస్తానని అప్పుడే అనుకున్నాను.

కోదండానికీ ఒక పగ ఉండేది, బావమరిది మీద. సాంబు పెళ్లిలో ఆయనకు పెట్టిన చొక్కాగుడ్డ చాలక పొట్టి చేతులే కుట్టాల్సి వచ్చింది. కోసింది నేనే కాబట్టి చెబుతున్నాను, గుడ్డ సరిపడానే ఉంది, బొజ్జే ఎక్కువైంది. అయినా అది తనకు జరిగిన అవమానమని తీర్మానించి, రెండేళ్లు పెళ్లాన్ని పుట్టింటి గడప తొక్కనివ్వలేదు.

ఇంతలో వాళ్ల కొడుకు కిరీటికి మూడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు తీయించాలి. ముందు మేనమామ మూడు కత్తెరలు వేయాలి, ఆ తర్వాతే గుండు. మనిషికి పుట్టువెంట్రుకలు ఒక్కసారే కదా. ఆ ఒక్కసారీ తప్పిపోతే తమ్ముడితో బంధం తెగిపోయినట్టేనని హైమ భయం. ఎలాగైనా తప్పించాలని కోదండం పంతం.

ముహూర్తం రోజు పొద్దున, సాంబు కొత్తబట్టలతో పది గంటల బస్సుకి వస్తున్నాడని కబురందింది. కోదండం పిల్లాణ్ణి అరుగు మీద కాళ్ల మధ్య ఇరికించుకుని నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"మీ తమ్ముడొచ్చేసరికి ఈ జుట్టు నేలమీదుండాలి. వాడి చెయ్యి నా కొడుకు తలమీద పడనిస్తానా?"

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. చంటోడి మీదా మీ పంతం?" అంది హైమ.

ఆయన వినలేదు. పట్టులాంటి జుట్టు నా రెక్కల మధ్య పడింది. నేను కోయలేదు, మడిచి పట్టుకున్నాను. ఆయన లాగాడు, కిరీటి ఇల్లెగిరిపోయేలా కేకపెట్టాడు. పిల్లాడి మీద నాకేం పగ లేదు, ఆ ఏడుపు నాకూ బాధగానే ఉంది. కానీ లొంగలేదు. నాలుగోసారికి వాడు తండ్రి మోచేతిని కొరికేశాడు.

"నొప్పుండదురా కన్నా! చూడు, నాన్న కూడా కోసుకుంటున్నాడు" అంటూ కోదండం నన్ను తెరిచి, ఉత్తుత్తికే తన మీసం దగ్గర పెట్టాడు. కిరీటి కాళ్లు ఝాడించి ఆ చేతిని ఒక్క తాపు తన్నాడు. మీసం వెంట్రుక మొరటుది, మడత పడదు. పైగా ఎన్నాళ్ల నుంచో నేను కాచుకున్న క్షణం. కచక్కుమని కోసేశాను. కుడి మీసం అరుగు మీద పడింది. ఏ పట్టుగుడ్డను కోసినప్పుడూ నేను అంత సుఖం ఎరగను.

సగం మీసంతో ఎలా తిరుగుతాడు? లోపలికి పరుగెత్తి మిగతాదీ గీసేసుకున్నాడు. మొహం తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి వాకిట్లో సాంబు నిలబడి ఉన్నాడు. తండ్రి బతికుండగా మా వైపు ఎవరూ మీసం తీయరు. సాంబు చేతిలోని సంచి జారిపోయింది.

"బావా! మావయ్యగారు పోయారా? ఎప్పుడు? నాకు కబురన్నా పెట్టలేదేంటి బావా!" అంటూ కోదండాన్ని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నా పెళ్లిలో నా పక్కనే కూచుని అన్నం తిన్నాడే, మహానుభావుడు!"

పగవాడి కన్నీళ్లు భుజం మీద పడుతుంటే కోదండం కొయ్యబారిపోయాడు. అంతలో పెరట్లోంచి ఆయన తండ్రి రాఘవయ్య నోట్లో వేపపుల్లతో వచ్చి, "ఎవర్రా పోయింది?" అన్నాడు.

సాంబు ముసలాయన్ని చూశాడు, బావ పెదవి పైకి చూశాడు. "మరి మీసం?"

కోదండం అరచేత్తో పెదవి కప్పుకున్నాడు. నిజం చెబితే ఊరంతా నవ్వుతుంది. చెప్పెయ్, చెప్పెయ్ అని నేను హైమను చూస్తూ లోలోపల ఎగిరిపడుతున్నాను. హైమ నన్ను అరుగు మీంచి తీసి, కొంగుతో నిదానంగా తుడిచింది.

"మొక్కుకున్నార్రా. నువ్వొచ్చి మేనల్లుడికి కత్తెరేస్తే మీసం ఇచ్చేస్తానని. నువ్వు బస్సెక్కావని తెలిసిందో లేదో, ఇక ఆగలేకపోయారు."

సాంబు బావ కాళ్ల మీద పడ్డాడు. కోదండం బావమరిదిని భుజాలు పట్టి లేవదీశాడు. చివరికి "అవునురా" అన్నాడు.

గుళ్లో మేనమామ మూడు కత్తెరలూ వేశాడు, తను తెచ్చిన కొత్త కత్తెరతో. అది నాకు కొంచెం గుచ్చుకుంది. బావమరిది కోసం మీసం ఇచ్చిన బావ అని కోదండానికి రెండూళ్లలో పేరొచ్చింది.

ఇప్పుడు తుప్పుపట్టి పాత సామాన్లవాడి తోపుడుబండిలో పడి ఉన్నాను. పగ తీర్చుకోవడమంటే నాకే తెలుసనుకునేదాన్ని. నేను తీసిన మీసం రెండు నెలల్లో మళ్లీ మొలిచింది. హైమ చెప్పిన అబద్ధాన్ని మాత్రం కోదండం పాతికేళ్లు నిజం చేస్తూ బతకాల్సి వచ్చింది.