గుమ్మం బయట నీళ్ళు

"ఇవాళ ఆ పైనావిడ తలుపు కొట్టినా తియ్యకు. సరేనా?" అన్నాడు శశికాంత్, షూ లేసు బిగించుకుంటూ.

గుత్తివంకాయ కూరకి వంకాయలకు గాట్లు పెడుతున్న త్రివేణి తలెత్తలేదు. తలెత్తితే ఎందుకని అడగాలి, అడిగితే అతను మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంటాడు. సాయంత్రం భోజనానికి రాబోయే అతని మేనేజరు యోఆవ్ ఇజ్రాయెల్ మనిషి. గ్రీన్‌కార్డ్ కాగితాలు కదలాలంటే యోఆవ్ ఊఁ అనాలి. పై ఫ్లాట్‌లో ఉండే హనాన్‌ది గాజా. ఆ జూలైలో అక్కడ యుద్ధం నడుస్తోంది.

"ఇంట్లో పీస్ ఉంచడం నీ చేతుల్లో పని," అని అతను కారు తీశాడు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు జ్ఞానప్రసూన కూడా ఇలాంటి మాటే అన్నది. "మా ఇంట్లో ఏనాడూ గొంతు లేచింది లేదమ్మా. నేను లేవనిస్తేగా!" అని. ఆ ఇల్లు అంత నెమ్మదిగా ఉండటానికి ఆవిడ ఏమేం మింగిందో ఆవిడా చెప్పలేదు, త్రివేణీ అడగలేదు. మింగడం మాత్రం నేర్చుకుంది. తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఇక్కడ షామ్‌బర్గ్‌లో, రెండో అంతస్తులో, మొగుడి టీమ్ పాట్‌లక్ విందులకి కూరలు చేసేదిగా మిగిలింది. ఉద్యోగం చెయ్యకూడదని ఆమె వీసాకి షరతు ఉంది గానీ వంట చెయ్యకూడదని ఎక్కడా లేదు.

హనాన్ పరిచయమైంది కింద లాండ్రీ రూమ్‌లో. మొదటిసారి ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి నీలంపూల గిన్నెలో పెట్టిచ్చింది. మాంసం లేదని ఒట్టేసి మరీ ఇచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని త్రివేణి పులిహోర పెట్టి పంపింది. వాళ్ళలోనూ అదే ఆనవాయితీట, అందులో తీపి ఏదో వేసుకుని మళ్ళీ వచ్చింది. అలా ఆ గిన్నె రెండేళ్ళుగా మెట్లెక్కి దిగుతూనే ఉంది. కిందటేడు త్రివేణికి నాలుగో నెలలో కడుపు పోయిన రోజున శశికాంత్ ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ ఉందని ఫోన్ తీయలేదు. నెత్తురోడుతున్న మనిషిని తన కారు వెనకసీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది హనాన్. ఆ సీటు తనే కడుక్కుంది. ఈ సంగతి శశికాంత్‌కి తెలుసు. తెలిసీ "పైనావిడ" అంటాడు.

మసాలా నూరుతుండగా పైనుంచి కేక వినిపించింది. ఒక్కటే కేక. తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. త్రివేణి తలుపు తీసేసరికి హనాన్ మొగుడు ఖలీల్ మెట్ల మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"హనాన్ చెల్లెలు," అన్నాడు. "పిల్లలు కూడా. ఇల్లు మొత్తం వాళ్ళ మీద కూలిపోయింది."

త్రివేణి శశికాంత్‌కి ఫోన్ చేసింది. "అయ్యో, పాపం," అన్నాడు. ఆ పాపం నిజమే, అతనేం రాయి కాదు. వెంటనే గొంతు తగ్గించి, "రేపు వెళ్దువుగాని. చావింటికెళ్తే మైల కాదూ? అతిథికి వండిపెట్టాలి. అమ్మ వింటే ఏమంటుంది?" అన్నాడు.

దేవుడికి దీపం కూడా పెట్టని మనిషికి ఆ పూట మైల గుర్తొచ్చింది!

త్రివేణి వండింది. పప్పుచారు కాచింది, పెరుగన్నం తాలింపు పెట్టింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ చెవులు పైకప్పుకే అతుక్కుపోయాయి. రంజాన్ నెల. రోజూ పొద్దు వాలుతుంటే పైన కుర్చీలు జరిపే చప్పుడు, గిన్నెల చప్పుడు. ఇవాళ ఏమీ లేదు. అడుగుల చప్పుడైనా లేదు. తెనాలిలో చావింట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే అన్నం తేవాలి, అడిగించుకోకుండా తేవాలి. పగవాడి ఇంటికైనా సరే. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళైనా తాగని మనిషి పైన కూర్చునుంది. కింద తను జీడిపప్పు వేయిస్తోంది.

యోఆవ్ వచ్చాడు. బట్టతల, అలిసిపోయిన కళ్ళు. మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు.

"రాకెట్లు వేస్తుంటే మీరు మాత్రం ఏం చేస్తారు సార్," అన్నాడు శశికాంత్, జ్యూస్ గ్లాసు అందిస్తూ. "అసలు మీకూ వాళ్ళకీ టూ స్టేట్స్ చేసేసి, మధ్యలో గట్టి బోర్డర్ పెట్టేస్తే పీస్ ఆటోమేటిక్‌గా వస్తుంది."

యోఆవ్ నవ్వలేదు. "మా అమ్మ సరిహద్దు దగ్గర ఆష్కెలాన్‌లో మెట్ల కింద కూర్చునుంది. మోకాళ్ళు సహకరించక షెల్టర్ దాకా వెళ్ళలేదు. శాంతి గురించి మాట్లాడటం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు," అన్నాడు.

వంటింట్లోంచి అది విన్న త్రివేణికి, కనపడని ఆ ముసలామె మోకాళ్ళు కనపడ్డాయి. కిటికీలో ఎండ ఎర్రబడింది. ఆమె స్టవ్ కట్టేసి, అరమారలో తన వంతు కోసం ఎదురుచూస్తున్న నీలంపూల గిన్నె తీసి పెరుగన్నం నింపింది. పప్పుచారు, కూర సగం సగం డబ్బాల్లోకి తీసి సంచిలో పెట్టింది. హాల్లోంచే నడిచింది. వేరే దారి లేదు.

"ఎక్కడికి?" శశికాంత్ అతిథి కోసం పెట్టిన నవ్వు చెదరకుండా తెలుగులో అడిగాడు.

"పైకి."

"కూర్చో త్రివేణీ. నీకు దణ్ణం పెడతా, ఇవాళొద్దు."

ఆమె వెళ్ళింది.

పైన హనాన్ నేలమీద గోడకానుకుని ఉంది. త్రివేణి పక్కనే కూర్చుని సంచి విప్పింది. పొద్దు కుంకాక పెరుగన్నం ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. హనాన్ ఒక ముద్ద మింగి, రెండోది మింగలేక చేతిలోకి ఉమ్మింది. త్రివేణి ఆ చెయ్యి తన కొంగుతో తుడిచింది. చావింట వెళ్ళొస్తానని చెప్పరు. చెప్పకుండానే లేచి వచ్చింది.

కింద తలుపు తీసే ఉంది. ఆమె గుమ్మం బయటే ఆగింది.

"ఏవండీ, చావింటినుంచి వచ్చాను. చెంబుతో నీళ్ళు తెచ్చి పొయ్యండి. మీరన్న మైలే. ఈ పూట వంటింట్లోకి రాను, మీరే వడ్డించుకోండి."

శశికాంత్ కదల్లేదు. ఏమంటోందని యోఆవ్ అడిగాడు. త్రివేణే తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. యోఆవ్ టేబుల్ మీది నీళ్ళ జగ్గు తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"శ్మశానం నుంచి వస్తే మా అమ్మమ్మా ఇలాగే బయట నిలబెట్టేది. ఎవరు పోయారు?"

"పై ఫ్లాట్‌లో హనాన్ అని, ఆమె చెల్లెలు, పిల్లలు. గాజాలో."

వంచిన జగ్గు వంచినట్టే ఆగింది. "మా అక్క కొడుకు అక్కడే ఉన్నాడు. ట్యాంకులో," అన్నాడు.

ఆ మాటని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. చేతులు చాపే ఉంచింది. అతను నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళతో ఏదీ పోదని ఇద్దరికీ తెలుసు. జగ్గు ఖాళీ అయ్యాక దాన్ని గుమ్మం పక్కన పెట్టి, బూట్లు తొడుక్కుని, తినకుండానే మెట్లు దిగిపోయాడు.

"అయిపోయింది," అన్నాడు శశికాంత్. "మూడేళ్ళ కష్టం బూడిదలో పోశావు. ఇప్పుడు పీస్‌గా ఉందా నీకు?"

"లేదు," అంది త్రివేణి, తడిచేతులు తుడుచుకోకుండానే. "మూడు రోజులు వాళ్ళు వండుకోరు. నేను వండి పైకే పట్టుకెళ్తాను. మీకు ఆకలేస్తే మెట్లెక్కి రండి. తలుపు కొట్టండి, వాళ్ళు తీస్తారు."