జేబులో చేతులు

మ్యూజియంలో ప్రతి బొమ్మ పక్కనా ఒక చిన్న అట్ట ఉంటుంది, చూశారా? ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, దేనితో వేశారు అని మూడే మూడు లైన్లు. ఆ మూడు లైన్లు రాయడమే ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. వచ్చినవాళ్లు బొమ్మను అర నిమిషం చూస్తే అట్టను నిమిషం చదువుతారని ఆమెకు తెలుసు. అందుకే తన ఉద్యోగమంటే కాస్త గీర కూడా ఉంది.

ఈసారి మాత్రం ఒకే ఒక్క అట్ట ఆమె తల ప్రాణం తోకకు తెచ్చింది.

తెల్లవారితే కొత్త ప్రదర్శన. నాలుగు వందల ఏళ్లలో బొమ్మలు వేసిన ఆడవాళ్లందరికీ ఒకే చోట పీట వేశారు. మఠంలో కూర్చుని పుస్తకాల అంచుల నిండా తీగలు అల్లిన సన్యాసిని ఉంది. తండ్రి దుకాణంలో పళ్లూ పూలూ వేస్తూ పెరిగిన కూతురు ఉంది. ఏడుగురు పిల్లల్ని సాకుతూనే దిగిన ప్రతి ఓడరేవునూ గీసిన నావికుడి భార్య ఉంది. చివరి గదిలో ఈ ఊరి పాత స్టూడియోలో తయారైన పదకొండు పెద్దమనుషుల బొమ్మలు పెట్టారు. సంతకం స్టూడియో మాస్టారిది. వాటిలో చేతులన్నీ వేసింది మాత్రం ఈ అట్టలు రాసే ఆమె తల్లి.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆడపిల్ల బొమ్మ వేస్తుందంటే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి లేచి వెళ్లిపోతాడని, మాస్టారు అమ్మను తెర వెనక కూర్చోబెట్టేవాడు. ఆమె తెర సందులోంచి ఆ మనిషి వేళ్లు చూసుకుని, అతను గడప దాటాక వచ్చి వేసేది. "ఊళ్లో గొప్పవాళ్ల చేతులన్నీ నా చేతుల్లోంచి పోయినవే" అని ఇంట్లో బట్టలు మడతపెడుతూ అంటూ ఉండేది. బయట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కూతురి మాట మీద ఆ బొమ్మలు తెప్పించారు కానీ, అట్ట చిత్తుప్రతి చదివిన మాస్టారి కొడుకు అడ్డం తిరిగాడు. బొమ్మలు ఆయనవి, మాట చెల్లుతుంది.

"అత్త మా నాన్న దగ్గర రంగులు కలిపేది, కుంచెలు కడిగేది. ఆ మాట నేను కాదనను. అంతకు మించి రాస్తే మాత్రం నా బొమ్మలు నేను పట్టుకెళ్తాను" అన్నాడు.

డైరెక్టరమ్మ మంచిదే, కానీ పద్ధతి మనిషి. "కన్నతల్లి మీద ప్రేమ ఆధారం కాదమ్మా. అయిదింటికి అట్టలు అచ్చుకు పోవాలి. ఈలోగా ఏదైనా చూపించు. లేదంటే ఆ పదకొండూ దింపేస్తాం."

అప్పుడు టైము మూడు. అమ్మకు డెబ్బై రెండు. ఇప్పుడు గోడెక్కకపోతే ఆ పేరు ఇంకెప్పుడూ ఎక్కదని కూతురికి తెలుసు. ఫోన్ తీసింది.

"అమ్మా, ఉన్నదానివి ఉన్నట్టు టాక్సీ ఎక్కి వచ్చెయ్."

"పొయ్యి మీద పాలున్నాయే."

"దించేసి రా!"

వచ్చింది. వచ్చిన మనిషి తిన్నగా చివరి గదికి పోతే బాగుండేది. మొదటి గది నుంచీ ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగుతూ, చుట్టాలింటికి వచ్చినట్టు తీరిగ్గా నడిచింది. గడియారం చూసి కూతురికి కాళ్లు నిలవడం లేదు. పళ్లబుట్ట బొమ్మ ముందు అమ్మ బొత్తిగా కదల్లేదు.

"ఇది పొద్దున వేసింది కాదు. ఇంటి పనంతా తెమిలాక మధ్యాహ్నం కూర్చుంది. నీడ చూడు, ఎటు పడిందో" అని బొమ్మ వైపు తల ఊపి, "బాగా వేశావమ్మా" అంది.

"ఆవిడ పోయి మూడొందల ఏళ్లయింది!"

"అయితే? ఇన్నాళ్లకైనా ఒకరు చెప్పాలిగా."

చివరి గదిలో డైరెక్టరమ్మ, మాస్టారి కొడుకు ఎదురు చూస్తున్నారు. అమ్మ ఇద్దరికీ ఒకే నవ్వు పంచి, గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. జడ్జిగారి ఉంగరం వేలు. "ఇది నాది." పంతులమ్మ గోళ్ల కింద సుద్దపొడి. "ఇదీ నాదే. ఆవిడ కడుక్కుని వచ్చింది. సుద్ద నేనే పెట్టాను. అది లేకపోతే ఆవిడ ఆవిడలా లేదు." అలా అయిదు దాటి, ఆరో బొమ్మ ముందు ఆగిపోయింది.

వ్యాపారి ఒకాయన. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

ఏడో బొమ్మలో ఓడల యజమాని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎనిమిదో బొమ్మలో ఒక దొడ్డ ఇల్లాలు మెడ దాకా శాలువా కప్పుకుంది. తొమ్మిదో బొమ్మలో డాక్టరుగారి ఒళ్లో దూడంత కుక్క తల పెట్టుకుని పడుకుంది. దాని తల కింద ఆయన చేతులున్నాయో లేవో ఆయనకే తెలియాలి.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. "ఇవేంటే! ఇవి నేనెప్పుడూ చూళ్లేదు. అయ్యో మాస్టారూ, ఎంత అవస్థ పడ్డారండీ!"

"చలికాలం అయ్యుంటుంది" అన్నాడు మాస్టారి కొడుకు.

"కుక్క తల కప్పుకునేంత చలా నాయనా?"

డైరెక్టరమ్మ నవ్వలేదు. ఆ నాలుగు బొమ్మలనూ కిందికి దింపించింది. బొమ్మ పూర్తయిన రోజున వెనక చెక్క మీద తేదీ వేయడం ఆ స్టూడియో అలవాటు. నాలుగూ నలభై ఆరేళ్ల కిందట, ఒకే అయిదు నెలల్లో వేసినవి. అంతకు ముందు వాటిలో చేతులున్నాయి. తర్వాతి రెండింటిలోనూ ఉన్నాయి.

"ఆ అయిదు నెలలూ మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే. ఇదిగో, ఇది కడుపులో ఉంది. తర్వాత ఒళ్లో ఉంది" అని అమ్మ కూతురి వైపు చూపించింది.

కిందటి నెలేగా ఆఫీసులో కూతురి చేత నలభై ఆరో పుట్టినరోజు కేకు కోయించారు! డైరెక్టరమ్మ తేదీలు మరోసారి చూసింది. కూతురు వంగి తనూ చూసింది. పోయిన వారం ఆ తేదీలను రిజిస్టర్లోకి ఎక్కించింది తనే. ఊళ్లోవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు కొట్టినపిండైన మనిషికి, సొంత పుట్టినరోజు కళ్ల ముందున్నా కనబడలేదు. తను పుట్టిన రోజుల్లో ఈ ఊరి గొప్పవాళ్లందరికీ చేతులు లేకుండా పోయాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మాస్టారి కొడుకు తొమ్మిదో బొమ్మ ముందు వంగి చూశాడు. పెద్దాయన పరువు ఒక వైపు, కళ్లెదుట కుక్క ఒక వైపు.

"ఆ రోజుల్లో నాన్న నన్ను వారానికి రెండుసార్లు మీ ఇంటికి పంపేవారు, అత్త ఎప్పుడొస్తుందో కనుక్కోమని" అన్నాడు చివరికి. "రంగులు కలపడానికి నేనున్నాగా, అత్త కోసం ఈ తిప్పలెందుకు అని విసుక్కునేవాణ్ణి. ఆయన ఏమీ చెప్పలేదు."

"చెప్పడానికి ఆయనకు సిగ్గు. నాకు తీరిక లేదు" అంది అమ్మ. "పోనీలే. ముఖాలు మాత్రం ఆయనవే. అలా ముఖం వేసేవాడు మళ్లీ పుట్టలేదు. ముఖాలు ఆయనవి, చేతులు నావి. ఉన్నది ఉన్నట్టు రాయండి."

"ఎవరి పేరు ముందు రాయమంటారు?" అని డైరెక్టరమ్మ అడిగింది.

"ఆయనదే. ఆయన మొదలుపెట్టేవాడు, నేను పూర్తి చేసేదాన్ని."

టైము నాలుగూ యాభై. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇన్నేళ్లలో ఎన్ని వందల పేర్లు కొట్టిందో లెక్క లేదు. అమ్మ పేరు మాత్రం ఒక్కో అక్షరమే చూసుకుంటూ కొట్టింది. మూడు లైన్ల అట్ట మొదటిసారి నాలుగు లైన్లయింది.

మర్నాడు జనం బాగా వచ్చారు. చాలామంది అట్ట చదివి, మళ్లీ బొమ్మ దగ్గరికి జరిగి చేతులు చూశారు. కుక్క దగ్గరైతే గుంపు కదలనే లేదు. పత్రికవాళ్ల ఫొటోగ్రాఫరు అందరినీ ఆ గోడ ముందు నిలబెట్టాడు. మధ్యలో అమ్మ, ఒక పక్క కూతురు, ఇంకో పక్క కొత్త కోటు తొడుక్కుని బిగుసుకుపోయిన మాస్టారి కొడుకు.

ఫొటోగ్రాఫరు ఒకటి, రెండు అన్నాడు.

"ఆగు నాయనా" అంది అమ్మ. మాస్టారి కొడుకు వైపు తిరిగి, జేబు మీద మెల్లగా తట్టింది.

"చేతులు బయటికి తియ్యరా. నేనొచ్చేశాగా."