బంతిపూల బరువు

నేను ఒక చిన్న విమానం తాలూకు పుస్తకాన్ని. ఇద్దరు మాత్రమే కూర్చునే తేలికపాటి విమానమది. దాన్ని ఎలా నడపాలి, ఎంత బరువు మోస్తుంది, ఎంత ఎండలో ఎంత దూరం పరుగెత్తితే నేల వదులుతుంది, అన్నీ నాలో ఉన్నాయి. ఎక్కడో చలిదేశంలో అచ్చయి, విమానంతోపాటే భీమవరం వైపు వచ్చాను. రొయ్యల చెరువుల మధ్య గడ్డి రన్‌వే వేయించుకున్న విజయరామరాజుగారు నన్ను అందుకుని కళ్ళకద్దుకున్నారు. అట్టకి పసుపు రాసి, బొట్టు పెట్టి, షెడ్డులో దేవుడి పటాల పక్కన నిలబెట్టారు. తెరిచి చూడటం మాత్రం ఆయనకి ఎన్నడూ తోచలేదు.

చదివినవాడు పైలట్ ప్రభుదాసు ఒక్కడే. ఎగిరే ప్రతిసారీ నన్ను కిందికి దించి, అంకెలు చూసుకున్నాకే విమానం ఎక్కేవాడు.

మే నెలలో రాజుగారి మేనకోడలి పెళ్ళి వచ్చింది. ఊరేగింపు మీద ఆకాశం నుంచి పూలు కురిపించాలని ఆయన ముచ్చట. కడియం నుంచి గోనెసంచుల్లో బంతిపూలు దిగాయి. పొద్దున్నే ప్రభుదాసు ఆ సంచుల్నీ, పూలు చల్లడానికి వచ్చే రాజుగారి బావమరిదినీ తూచి, సరిపోతుందన్నాడు. ఊరేగింపు ఆలస్యమైంది. పూలు వాడిపోతాయని ఆడవాళ్ళు సంచుల మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించారు.

మిట్టమధ్యాహ్నం ప్రభుదాసు ఒక సంచి ఎత్తి చూసి, గబగబా నన్ను తెరిచాడు.

"రాజుగారూ, నీళ్ళకి బరువెక్కిపోయాయండి. ఈ ఎండకి మన రన్‌వే చాలదండి, పుస్తకంలో ఉంది. రెండు సంచులు దింపేద్దామండి."

"పూలకి బరువేంటయ్యా! మగపెళ్ళివారి ముందు నా పరువేం కాను?"

"దింపకపోతే లేవదండి."

"నీవల్ల కాకపోతే చెప్పు. లేపేవాణ్ణి తెచ్చుకుంటాను."

ఆయన నన్ను లాక్కుని, భక్తిగా మూసి, పటాల పక్కన పెట్టేశారు. ఆ చుట్టుపక్కల మరో విమానం లేదు, మరో ఉద్యోగమూ లేదు. ప్రభుదాసు వెళ్ళి విమానం ఎక్కాడు.

నాకు చప్పుడే వినిపించింది. గడ్డి అయిపోయేదాకా పరుగెత్తి, లేచినట్టే లేచి, గట్టు మీది కొబ్బరిచెట్టుకి తగిలి చెరువులో పడిందట. బావమరిదికి కాలు విరిగింది. ప్రభుదాసు దక్కలేదు. చెరువంతా బంతిపూలు తేలాయట. అలా తేలుతుంటే చూసినవాళ్ళు వాటికి బరువుందంటే నమ్ముతారా?

విచారణకి వచ్చిన అధికారికి రాజుగారు నన్నే చూపించారు.

"పుస్తకం అందుబాటులోనే ఉంచామండి. కుర్రాడే చూసుకోలేదు."

అధికారి నా పేజీలు తిప్పాడు. "నిజమే, ఎవరూ తెరిచినట్టే లేదు" అన్నాడు.

గుమ్మం దగ్గర ప్రభుదాసు భార్య సువార్త నిలబడి ఉంది. "తెరిచేవారండి. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు, మురికైపోద్దని" అంది.

అధికారి తల ఊపాడు. చూసుకోలేదనే రాసుకున్నాడు.

ఇప్పుడు సీలు వేసిన కవర్లో, ఏదో ఆఫీసు బీరువాలో పడి ఉన్నాను. నా ఒళ్ళు చూసుకుంటే నాకే అసహ్యం. ఏ పేజీలోనైనా ఒక్క గ్రీజు వేలిముద్ర ఉండి ఉంటే, సువార్త మాట నమ్మేవాళ్ళు.