మునగని జాగ

సిద్దిపేట బాలికల బడిలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పాను. బోర్డు మీద సుద్దముక్కతో అంటార్కిటికాను ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. రిటైరయ్యాక ఓడెక్కి అక్కడికే పోతానంటే వాడకట్టంతా నోళ్లు నొక్కుకుంది.

"అనసూర్య టీచరమ్మా, గాడ చూసేటందుకు ఏమున్నది? మంచేనాయె!" అంది పక్కింటి కొండవ్వ.

పుర్రెకో బుద్ధి అన్నారు కదా, నా పుర్రె ఇట్లాంటిదనుకొమ్మన్నాను.

నా తమ్ముడు వీరయ్య మాత్రం నవ్వలేదు. మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద మా ఊరు వేములఘాట్ మునిగాక వాడు గజ్వేల్ దగ్గర కాలనీలో ఉంటున్నాడు. నేను బయల్దేరే ముందురోజు వచ్చి, పిడికెడంత గుడ్డమూట నా చేతిలో పెట్టాడు.

"ఇంటి ముంగటి మన్ను అక్కా. బాపు మంచమేసుకొని కూసునే జాగలది. ఆఖరి దినం ఎత్తుకొచ్చిన."

"నాకెందుకురా?"

"గాడ ప్రాజెక్టులు రావంటివి గద. గాడ ఏసి రా. ఎన్నడు మునగని జాగల మన ఊరు గింతన్న ఉంటది."

తప్పకుండా వేసి వస్తానని మాటిచ్చాను.

దక్షిణ అమెరికా కొసన ఓడెక్కాక రెండు రోజులు సముద్రం నా చేత తిన్నదంతా కక్కించింది. మూడో రోజు మంచుకొండలు కనిపించాయి. దిగే ముందు అందరినీ వరుసగా నిలబెట్టి, బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని పిన్నులతో తీశారు, కోటు జేబుల్లోని దుమ్మును మిషనుతో లాగేశారు. బయటి గింజ ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదట. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఆ సంగతి తెలియదు.

ఓడలో పనిచేసే అమ్మాయి నా జేబులోని మూట పట్టుకుంది. విప్పితే మా ఎర్రమన్ను, అందులో రెండు జొన్నగింజలు.

"ఏమిటిది?" అంది.

"మా ఊరు" అన్నాను. కథంతా చెప్పాను. ఆ పిల్ల కళ్లు తడిశాయి గానీ తల అడ్డంగా ఊపింది. మూటను కవర్లో పెట్టి అంటించి, నా గదిలోనే ఉంచి రమ్మంది.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. మనిషే కాపురముండని నేలకు ఇంత కాపలానా! మేమెంత మొత్తుకున్నా మా ఊళ్లోకి వచ్చే నీళ్లు ఆగలేదే!

ఆ కోపంతోనే దిగాను. ఎదురుగా వేల పెంగ్విన్లు. నాకేమో బాపు గుర్తొచ్చాడు. చదువు రాదు ఆయనకు. పొద్దున్నే మంచం మీద వేపపుల్ల నములుతూ, "పటం తియ్యి బిడ్డా, లోకం సూపియ్యి" అనేవాడు. నేను పటం అడుగున వేలుపెట్టి, "గీడ ఎవ్వరుండరు బాపూ" అంటే, "ఎవ్వరు లేకుంటే ఇగ అదేం ఊరే!" అని నవ్వేవాడు. ఆ నవ్వు మళ్లీ వినాలనిపించి, అంత చలిలో నిలబడి అప్పుడు ఏడ్చాను.

తిరిగొచ్చిన వారానికి వీరయ్య వచ్చాడు. చెప్పులైనా విడవకుండా, "ఏసినవా అక్కా?" అన్నాడు.

ఏసిన అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బీరువాలోంచి మూట తీసి వాడి ముందు పెట్టాను.

"ఒక్క గింజ గూడ ఏయనియ్యలేదు తమ్మీ. నీకిచ్చిన మాట నిలుపుకోలేకపోయిన."

వాడు కవరు చింపి, మూట విప్పి వాసన చూశాడు.

"నువ్వు పోయినకాడి నుంచి నాకు నిద్ర లేదక్కా" అన్నాడు. "ఇల్లిచ్చిన, పొలమిచ్చిన. అవంటే గుంజుకున్నరనుకుంట. మిగిలిన గీ పిడికెడు మన్ను నా చేతులతోని నేనే ఎందుకిచ్చిన్నని ఒక్కటే బాధ."

మళ్లీ ముడేసి అంగీ జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కేదాకా ఆ జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.