మీటరు కూయలేదు

ఆయన్ని అందరూ మీటరు మాస్టారు అనేవారు. మాస్టారన్నాం కదా అని బళ్లో పాఠాలు చెప్పిన మనిషనుకోకండి. పాతకాలపు కంప్యూటర్లు బాగుచేయడం ఆయన పని. ఎదుటి మనిషికి పాఠం చెప్పకుండా ఒక్క స్క్రూ బిగించలేరు, మీటరు పెట్టకుండా ఒక్క తీగ కలపరు. అందుకని ఆ పేరు.

ఇంటి ముందుగదే ఆయన వర్క్‌షాపు. కిటికీ కింద పొడవాటి బల్ల. దాని మీద తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్, పాత సోల్డర్‌ని పీల్చే పంపు, చిప్పుల్ని కాళ్లు విరక్కుండా పైకి లాగే పట్కారు, దుమ్ము దులపడానికి అరిగిపోయిన టూత్‌బ్రష్‌లు. ఎదురుగోడ నిండా మేకులు, మేకుకో అడాప్టరు. పాత కీబోర్డుని కొత్త మిషనుకి తగిలించేది ఒకటి, పాత మిషను బొమ్మని ఇప్పటి టీవీలో చూపించేది ఒకటి, ఫ్లాపీల్లో ఉన్నదంతా గోరంత కార్డులోకి దింపేది ఇంకొకటి. మొత్తం రెండు వందల పైచిలుకు. అన్నీ ఆయన చేత్తో చేసినవే. చేసిన కంపెనీలే మర్చిపోయిన మిషన్లకి దిక్కూ మొక్కూ ఆ గోడే.

ఆ గదికి రెండు కట్టుబాట్లు. అడాప్టరు చేశాక ఒక్కో తీగకీ అటో మొనా ఇటో మొనా ఆనించి మీటరు పెట్టాలి. తీగ సరిగ్గా కలిస్తే మీటరు కూస్తుంది. ప్లగ్గుకి ఎన్ని కాళ్లుంటే అన్ని కూతలు. అన్నీ కూసాకే అడాప్టరు మెడకి ఎర్రదారం కట్టాలి. దారం ఉందంటే కొలిచినట్టు, ఇంక కళ్లు మూసుకుని తగిలించొచ్చు. ఇది మొదటిది. రెండోది, స్విచ్చి నొక్కిన చెయ్యిదే పూచీ. ఏది కాలినా వంక వెతక్కూడదు. ఈ రెండూ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి తలుపు పక్కన అతికించారు. కూరగాయలమ్మే మనిషి గుమ్మంలో నిలబడ్డా చదివి వినిపించేవారు.

కొడుక్కి ఈ పిచ్చి పట్టలేదు. నీళ్ల పంపుల ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఇంటికొస్తే హాయిగా నిద్ర. పట్టింది కోడలికి. పెళ్లయిన కొత్తలో తుడుద్దామని ఆ గదిలోకి అడుగుపెట్టిన పిల్ల, చీపురు పక్కనపెట్టి బల్ల ముందు కూర్చుంది. ఏడేళ్లయినా లేవలేదు. ఆ అమ్మాయి వేసిన సోల్డర్ ముత్యంలా ఉంటుందని మాస్టారే దారినపోయేవాళ్లని పిలిచి చూపించేవారు. "మా వాడికి రాని విద్య మా కోడలికొచ్చింది. వచ్చే నెల నుంచి ఈ బల్ల దానిదే, నేను పక్కన కూర్చుని పెత్తనం చేస్తా" అనేవారు. "ఇప్పుడు చేస్తున్నదేమిటో?" అని లోపల్నుంచి భార్య అనేది.

ఆ వచ్చే నెల రాకముందే పియానోల ఆవిడ వచ్చింది. అంతకుముందోసారి కీబోర్డు బాగుచేయించుకెళ్లిన మనిషే.

ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. పుట్టుకతో చూపు లేదు. ఇళ్లకీ హాళ్లకీ వెళ్లి పియానోలకి శ్రుతి సరిచేయడం వృత్తి. ముప్పై ఏళ్లుగా తను ముట్టుకున్న ప్రతి పియానో సంగతీ, ఏ తీగ జారుతుంది, ఏ మెట్టు బిగుసుకుంటుంది, అంతా ఒక పాత కంప్యూటర్లో దాచుకుంది. దాన్లో మాట్లాడే చిప్పు ఒకటుంది. బొంగురు గొంతుతో అక్షరం అక్షరం నమిలినట్టు చదివి వినిపిస్తుంది. దానికి కరెంటిచ్చే పెట్టె పాడైపోయింది. అలాంటి పెట్టె ఇప్పుడెక్కడా దొరకదు.

"అదెంత పనమ్మా, కూర్చోండి. కొత్త పెట్టె పెట్టి, దానికీ మీ మిషనుకీ మధ్య అడాప్టరొకటి చేసిచ్చేస్తాను. రెండు గంటలు" అన్నారు మాస్టారు.

ఆవిడ బల్ల పక్కనే కూర్చుంది. వినే మనిషి దొరికితే మాస్టారికి ఒళ్లు తెలియదు. పత్రికాఫీసు వాళ్లు చెత్తలో పారేసిన మిషన్ని తను ఎలా బతికించారో చెప్పడం మొదలుపెట్టారు. చేతులు పని చేస్తున్నాయి, నోరు కథ చెబుతోంది. గుండ్రటి ప్లగ్గు, ఏడు కాళ్లు. పుస్తకంలో ప్లగ్గు బొమ్మ ముందు నుంచి చూసి గీస్తారు, తీగలు అతికేది వెనకనుంచి. ముందు నుంచి ఎడమనున్న కాలు వెనక నుంచి కుడివైపు వస్తుంది. ఈ సంగతి కొత్తవాళ్లకి చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పెట్టేది. ఆ రోజు ఆయనే మర్చిపోయారు. బొమ్మని ఉన్నదున్నట్టు అతికేశారు.

అయినా మునిగిందేమీ లేదు. మీటరు పెడితే రెండో తీగ దగ్గరే పట్టుబడిపోయేది. కథ మంచి పట్టులో ఉంది. ఎడిటరు కళ్లనీళ్లు పెట్టుకున్న చోటు. మాస్టారు మాట ఆపలేదు. ఎర్రదారం తీసి, ముడేసి, అడాప్టర్ని పక్కనున్న కోడలి వైపు జరిపి, "పెట్టమ్మా" అన్నారు.

కోడలు దారం చూసింది. ప్లగ్గు పెట్టింది, స్విచ్చి నొక్కింది.

టప్‌మని చప్పుడు, సన్నటి పొగ. ఫ్యూజు ఎగిరిపోయి మిగతా బోర్డు ఎలాగో బతికింది. మాట్లాడే చిప్పు మాత్రం నడిమధ్య చిట్లిపోయింది.

మాస్టారికి పొగ ఆరకముందే తెలిసిపోయింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశారు. తీగలన్నీ తిరగబడి ఉన్నాయి. కోడలు తెల్లబోయి తన వేళ్ల వైపు చూసుకుంటోంది. పియానోల ఆవిడ మొహం పైకెత్తి, "ఏమయింది? ఏమైనా కాలిందా?" అంటోంది. ఒక్క మాట చాలు. 'నాదే తప్పు' అంటే అయిపోయేది. దానికి బదులు మాస్టారి నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా?

"గుండ్రటి ప్లగ్గు కదమ్మా. కొంచెం తిప్పి పెట్టావేమో."

ఆ మాట ఆయనే అన్నారా! తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. కోడలు తలుపు పక్కన అట్టముక్క వైపు చూసింది. "స్విచ్చి నొక్కింది నేనే కదా మామయ్యా. నాదే పూచీ" అంది. పియానోల ఆవిడ చేతులు పట్టుకుని, "క్షమించండమ్మా, నా చెయ్యి తడబడింది" అంది. ఆవిడ ముప్పై ఏళ్లు తనతో మాట్లాడిన పెట్టెని ఒకసారి తడిమి, "పది రోజులు పోయాక వస్తాను" అని వెళ్లిపోయింది.

అడాప్టర్ని మాస్టారు స్క్రూల డబ్బాలో అడుగున దాచేశారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, దొంగపిల్లాడిలా అటూ ఇటూ చూసి మరీ దాచారు.

మర్నాడు కోడలు బల్ల ముందు కూర్చుంది కానీ చెయ్యి సాగలేదు. ఒకే తీగకి నాలుగుసార్లు మీటరు పెట్టింది. ప్లగ్గు పెట్టబోయి తీసేసింది, మళ్లీ పెట్టబోయింది, మళ్లీ తీసేసింది. మూడో రోజు ఏప్రన్ మడతపెట్టి మేకుకి తగిలించి వచ్చి, "బట్టలకొట్లో మనిషి కావాలట మామయ్యా. ఒకటో తారీఖు నుంచి వెళ్తాను. వేరేవాళ్లు ప్రాణం పెట్టుకున్న వస్తువులు, నాలాంటిది ముట్టుకోకూడదు" అంది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తను నోరు విప్పితే ఆ పిల్ల ఆగుతుంది. విప్పకపోతే ఆ చేతులు ఇంక జన్మలో సోల్డరింగ్ ఐరన్ పట్టవు. అంత తేలిక లెక్క. అయినా నోరు రాదే! చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లారు. కోడలు తిరిగి చూసేసరికి "మంచినీళ్లమ్మా" అన్నారు. ఇంకోసారి వెళ్లి కత్తెరేదని అడిగారు. కత్తెర ఆయన చొక్కా జేబులోనే ఉంది. మూడోసారి భార్యే అడ్డుపడింది.

"ఏమిటి మీ ప్రదక్షిణాలు? పిల్ల సరిగ్గా తిని వారం అయింది. చెయ్యి తడబడటం మనిషన్నాక మామూలేనని ఓ ముక్క చెప్పి ధైర్యమివ్వకూడదూ? మీకెప్పుడూ తడబడలేదు గాబోలు!"

ఆ మాట సూదిలా దిగింది. తిట్టుకున్నారు, తనని తనే. పొద్దున అద్దంలో గడ్డం గీసుకుంటూ మొహం చూసుకోలేకపోయారు. మిగిలిన పనేదో చేసి ఆ పాపం తీర్చేసుకుందామని, ఫ్లాపీల అడాప్టరు తగిలించి పియానోల ఆవిడ మిషనుతో పాటు వదిలి వెళ్లిన ఫ్లాపీలన్నీ తనే కొత్త కంప్యూటర్లోకి దింపారు. నూట పన్నెండు ఫ్లాపీలు. ఒక్కటి పోలేదు. కొత్త మిషన్లో గొంతు తేనెలా ఉంది. చేసిన కొద్దీ సిగ్గు పెరిగిందే కానీ తగ్గలేదు.

పదో రోజు ఆవిడ వచ్చే వేళకి మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఆవిడ ముందే చెప్పేయాలి. కోడల్ని కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఏమనాలో మాటలు కూర్చుకున్నారు. 'అమ్మా, మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి' అని మొదలుపెట్టాలి.

ఆవిడ కొత్త గొంతు విన్నది. ఒక పియానో సంగతి, ఇంకో పియానో సంగతి. "బాగుంది. అన్నీ వచ్చాయి. కాకపోతే ఈ మిషన్లో అమ్మాయి మధ్యమధ్యలో ఊపిరి పీలుస్తోంది. నా పాత పెట్టెలో ముసలాడు ఊపిరి పీల్చేవాడు కాదు" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మీటరు..." అని మొదలుపెట్టి, "మిషను మూత జాగ్రత్తగా వేసుకోండమ్మా" అని ముగించారు. ఛీ!

"మీటరంటే గుర్తొచ్చింది" అంది ఆవిడ, కోడలు ఉన్న వైపు తిరిగి. "చిన్న సందేహమమ్మా, తప్పుగా అనుకోకు. అంతకుముందు నా కీబోర్డు బాగుచేయించుకున్నప్పుడు మీ మీటరు అయిదుసార్లు కూసింది. కూత కాస్త అపశ్రుతి, అందుకే గుర్తు. అయిదు కాళ్లున్నాయి కాబట్టి అయిదు కూతలని మాస్టారే చెప్పారు. మొన్న ఏడు కాళ్ల ప్లగ్గన్నారు, ఏడు కూస్తుందని లెక్కపెడదామని కూర్చున్నాను. ఒక్కటీ కూయలేదు. ఈ రకానికి కూతలు ఉండవా?"

"ఎందుకుండవమ్మా, దారం..." అని కోడలు ఆగిపోయింది.

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన చూపు నేల మీదుంది. నేల చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

"నేను కొలవలేదమ్మా" అన్నారు మాస్టారు. "తీగలు తిరగేసి అతికాను. కొలవకుండా దారం కట్టాను. నువ్వు ప్లగ్గు సరిగ్గానే పెట్టావు. తప్పంతా నాది."

కోడలు ఆయన వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది మామయ్యా?"

నిన్న తెలిసిందనొచ్చు, ఇప్పుడే తట్టిందనొచ్చు. ఆ క్షణంలో కూడా ఆ అబద్ధాలు రెండూ నాలుక చివరికొచ్చాయి. అంత నీచానికి దిగిపోయానా అని ఏడుపొచ్చింది.

"ఆ రోజే. పొగ ఆరకముందే."

"ఆ తర్వాతే కదా, నేను తిప్పి పెట్టానేమో అన్నారు?"

"ఆ తర్వాతే."

కోడలు అరవలేదు. అరిచినా బాగుండేది. లేచి వెళ్లి మేకుకున్న ఏప్రన్ తీసి కట్టుకుంది. మాస్టారి జేబులోంచి కత్తెర బయటికి కనిపిస్తుంటే, చెయ్యి చాచింది. ఆయన ఇచ్చారు. గోడ దగ్గరకెళ్లి మొదటి వరసలో మొదటి అడాప్టరు తీసి, దాని మెడనున్న ఎర్రదారం కత్తిరించేసింది. రెండోదాని దారం, మూడోదాని దారం. ఇరవై ఏళ్లుగా ఆయన వేసిన ముళ్లు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి.

"అవి కొలిచినవేనమ్మా" అన్నారు మాస్టారు బతిమాలుతున్నట్టు. "ఒట్టు. ఆ ఒక్కటే..."

"మీరు చెప్పకండి మామయ్యా. అది చెబుతుందిలెండి" అని కోడలు మీటరు దగ్గరికి లాక్కుంది. మొదటి అడాప్టరు తీగకి అటూ ఇటూ మొనలు ఆనించింది. మీటరు కూసింది. రెండో తీగ కూసింది. మూడోది, నాలుగోది.

"నాలుగు" అంది పియానోల ఆవిడ కుర్చీలోంచి మెల్లగా.

మాస్టారు అలవాటు కొద్దీ దారపుండలోంచి ఒక ముక్క తెంపి, ముడి వేయడానికి అడాప్టరు వైపు చెయ్యి చాచారు. కోడలు ఆ దారం ఆయన చేతిలోంచి తీసుకుని, తనే ముడి వేసింది. తర్వాతి అడాప్టరు తీసింది.

ఇంకా రెండు వందలున్నాయి. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చుని, ఒక్కొక్క కూతా విన్నారు.