భవ్యశ్రీ తెచ్చిన నీళ్లు

మా అమ్మాయి చైత్ర ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరింది. మొదటి ప్రాక్టికల్ రోజున గాజు సామాను కడిగి అందించే మనిషి దొరకలేదని అంటే, నేను వస్తానన్నాను. నేనూ కావలిలో బీఎస్సీ చదివినదాన్నే. పెళ్లయ్యాక ల్యాబు మొహం చూడలేదు గానీ, కడగడమంటే ఎక్కడైనా కడగడమే.

ఆ రోజు మామూలు రోజు కాదు. ఆ ఏడాది కెమిస్ట్రీలో చేరిన పిల్లలు ఒక బెంచీ వరసకు సరిపోయేంత మందే. వాళ్లను కూడా కంప్యూటర్ కోర్సులోకి మార్చి కెమిస్ట్రీ మూసేద్దామని ఛైర్మన్ కోదండరామయ్యగారి ఆలోచన. ఆయన పెద్ద రైతు, మాట మీద నిలబడే మనిషి. పిల్లలు ఉంటామంటే ఉంచుతాను, పోతామంటే ఆపను అని చైత్రతో ముందే చెప్పారు. సోమవారం ల్యాబు జరిగేటప్పుడు వచ్చి వాళ్లనే అడుగుతానన్నారు. వాళ్లు పోతే మా అమ్మాయికి చెప్పడానికి పాఠమే ఉండదు.

ఇంట్లో నేను కంగారుపడ్డాను గానీ చైత్ర పడలేదు. శనివారం పిల్లలతో ఒక్కటే చెప్పింది, సోమవారం వచ్చేటప్పుడు మీ ఇంట్లో వాడే నీళ్లు ఒక సీసాలో పట్టుకురమ్మని.

కూల్‌డ్రింకు సీసాలు సోమవారం బల్ల మీద వరసగా చేరాయి. సంగం నుంచి మణిదీప్ తెచ్చిన కుళాయి నీళ్లు, అనంతసాగరం నీళ్లు, వింజమూరు నీళ్లు. అన్నిటికన్నా పెద్ద సీసా భవ్యశ్రీది. ఆ పిల్లది ఉదయగిరి అవతల ఒక పల్లె. హాస్టల్లో ఉంటుంది. ఆదివారం ఇంటికి పోయి బోరు నీళ్లు నింపుకొచ్చింది.

చైత్ర పని విడమరిచి చెప్పింది. నీళ్లలో సున్నం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ఫ్లాస్కులో ఆ నీళ్లు కొలిచి పోసి రంగు వేస్తే ఎర్రగా అవుతాయి. పైన బ్యూరెట్టు, అంటే యాభై మిల్లీలీటర్ల దాకా గీతలున్న గాజు గొట్టం, దాని నుంచి మందు చుక్కచుక్కగా వదలాలి. ఎరుపు పోయి నీలం వచ్చిందంటే పని అయినట్టు. సున్నం ఎంత ఎక్కువుంటే అంత మందు పడుతుంది.

"ఎంత రావాల మేడం?" అన్నాడు మణిదీప్.

పక్కనున్నవాళ్లు పెన్నులు తీశారు. వాళ్ల తప్పు కాదు. ప్రాక్టికలంటే రావలసిన అంకె ముందు తెలుసుకుని, దాని దగ్గరికి లెక్క లాక్కొచ్చే పని అని మాత్రమే ఇంతవరకు వాళ్లకు తెలుసు.

"నాకు తెలీదు," అంది చైత్ర. "మీ బోరు నీళ్లు నేనెప్పుడూ కొలవలేదు. పుస్తకంలో కూడా ఉండదు. మీరు కొలిచి నాకు చెప్పాలి."

తమాషా చేస్తోందనుకుని పిల్లలు నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి పెన్నులు కింద పెట్టి బ్యూరెట్లు పట్టుకున్నారు.

మణిదీప్‌కు ఆరు మిల్లీలీటర్ల దగ్గరే నీలం వచ్చింది. మిగతావాళ్లకు తొమ్మిది, పదమూడు. భవ్యశ్రీ ముప్పై దాటింది. ఫ్లాస్కు ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏంది భవ్యా, మీ బోర్లో వచ్చేది నీళ్లా సిమెంటా?" అన్నాడు మణిదీప్.

"నీ పని నువ్వు చూసుకోరా," అంది గానీ ఆ పిల్ల మొహం వాడిపోయింది. అటూ ఇటూ చూసి, కాగితం మీద పెన్సిలుతో పదమూడు అని వేసుకుంది. నేను చూశాను. అవతలి చివర నుంచి చైత్ర కూడా చూసింది. దగ్గరికొచ్చి కాగితం వైపు కాకుండా ఫ్లాస్కు వైపు చూస్తూ, రంగు మారిందా అని అడిగింది.

"లేదు మేడం. నేనే యాడనో తప్పు చేసినాను."

"మీ ఇంట్లో ఈ నీళ్లకు పప్పు ఉడుకుతుందా?"

"ఉడకదు మేడం. పప్పుకు మా అవ్వ వేరే నీళ్లు తెప్పిస్తది," అని ఆగిపోయింది భవ్యశ్రీ. మళ్లీ ఫ్లాస్కు వైపు చూసింది. చైత్ర పక్కవాళ్ల ఫ్లాస్కు దగ్గరికి వెళ్లింది.

అప్పుడే ఛైర్మన్‌గారు వచ్చారు. పిల్లలు లేవబోతే వద్దన్నారు. కంప్యూటర్లు చదివితే హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలుంటాయని, ఫీజు తేడా కూడా ఉండదని మెల్లగా, తండ్రిలాగే చెప్పారు. చివరికి అడిగారు.

"మారేదానికి ఇష్టమున్నోళ్లు చేతులెత్తండమ్మా."

అందరి చేతులూ బ్యూరెట్ల మీదే ఉన్నాయి. తరవాత ఒక చెయ్యి లేచింది. భవ్యశ్రీది. చైత్ర నావైపు చూడలేదు. నేను తుడుస్తున్న గ్లాసును తుడుస్తూనే ఉన్నాను.

"చెప్పు తల్లీ," అన్నారాయన.

"మిమ్మల్ని కాదు సార్," అంది ఆ పిల్ల. "మేడం, బ్యూరెట్టు అయిపోయినాది. ఇంకా రంగు మారలా. మళ్లీ నింపుకోమంటారా?"

"యాభై అని రాసుకుని నింపుకో," అంది చైత్ర. ఆమె గొంతు మామూలుగానే ఉంది. అలా ఉంచడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

ఛైర్మన్‌గారు కూడా వెళ్లి ఆ ఫ్లాస్కు పక్కన నిలబడ్డారు. చుక్క, ఇంకో చుక్క. ఎరుపు ఊదాగా మారింది. మరో చుక్కకు ఫ్లాస్కంతా నీలం. భవ్యశ్రీ కళ్లు బ్యూరెట్టు గీత ఎత్తుకు దించి చూసి, పెన్సిలు అంకె చెరిపేసి, పెన్నుతో యాభైనాలుగు రాసింది.

"అందరికన్నా ఇంతింత తేడానా? ఒకటే రావాల గదా?" అన్నారాయన.

"ఎందుకొస్తది సార్? వాళ్ల నీళ్లు వేరే, మా నీళ్లు వేరే."

"ఇంత ఉప్పుండాదా మీ నీళ్లల్లో?"

"ఉప్పు కాదు సార్. సున్నం, మెగ్నీషియం."

ఆయనను సరిదిద్దినవాళ్లు ఆ కాలేజీలో లేరు. ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, పెద్దగా నవ్వారు. మరి కంప్యూటర్ల సంగతేమిటని ఇంకోసారి అడిగారు. ఇంకా రెండుసార్లు చేసి చూడాలని, ఒక్కసారి వచ్చింది లెక్కలోకి రాదని మేడం చెప్పిందని, ఆ పని ఉండగా మాట్లాడలేనని భవ్యశ్రీ జవాబు. అప్పటికే మణిదీప్ కూడా తన ఆరు నిజంగా ఆరేనా అని రెండో ఫ్లాస్కు మొదలుపెట్టాడు.

"ఉండనీమ్మా వీళ్లని. మూడేళ్లూ ఈడనే ఉండనీ," అని చైత్రతో చెప్పి ఆయన వెళ్లిపోయారు.

చైత్ర బోర్డు వైపు తిరిగి ఊళ్ల పేర్లు, వాటి పక్కన అంకెలు రాయసాగింది. సుద్దముక్క ఒకసారి విరిగింది. నేను ఒక ఫ్లాస్కు కడిగి భవ్యశ్రీకి అందించాను. ఆ పిల్ల దాన్ని బోర్లించి, కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది.

"ఆంటీ, లోపల చుక్క నిలిచుండాది. జిడ్డుంటేనే నిలస్తదని మేడం చెప్పినారు," అని వెనక్కిచ్చింది.

మా ఇంట్లో నేను కడిగినదానికి వంక పెట్టినవాళ్లు లేరు. తీసుకుని మళ్లీ కడిగాను.